తోడుసుక్క

టెక్కలి దగ్గర ఒక పల్లె. మధ్యాహ్నం. పురిటి స్నానం చేసి, సాంబ్రాణి పొగ వేయించుకుని, కాస్త కునుకు తీసి లేచింది నీలవేణి. మంచం పక్కన నేలమీద ఆమె అత్త గున్నమ్మ కూర్చుని ఉంది.

"మల్లీ సెప్పు."

"మళ్ళీయా? నిన్నంతా అదే కదత్తా చెప్పాను."

"నిన్న పొయ్యికాడ పని సేసుకుంటా ఇన్నాను. సగం బుర్రకెక్కనేదు. ఆ మఖ సుక్క సంగతి మొదుల్నించీ సెప్పు."

"పాపేది?"

"పక్కింటి దేముడమ్మ ఎత్తుకుంది. నువ్వు సెప్పు."

"పాలకి లేవలేదా?"

"నేదు. బాగా తొంగుంది."

"విడ్డూరమే. ఇంటరు పిల్లలకి ఇన్నేళ్ళనించి ఫిజిక్సు చెప్తన్నాను, మళ్ళీ చెప్పండి మేడం అన్నోళ్ళు ఒక్కళ్ళు లేరు. మా అత్త అడగతంది."

"ఎక్కిరించకే. అవుసరమై అడగతన్నాను."

"అవసరమేటి?"

"నా మనవరాలు పుట్టిన సుక్క. నాకు తెలవాలా వద్దా? మఖ ఒకటో పాదం, తండ్రికి గండం అన్నారు పంతులుగారు. నీ మొగుడు గోవిందు ఇంతవరకూ కన్నబిడ్డ మొకం సూణ్ణేదు. లారీ మీద ఊళ్ళట్టుకు తిరగతన్నాడు."

"రేపొస్తన్నారు కదా. రేపు మళ్ళీ మఖే. శాంతి చేయిస్తే, నూనెలో పాప నీడ చూసి ఎత్తుకుంటారు. అయిపోతాది."

"అయిపోతాదా?"

"పంతులుగారే అన్నారు కదా, అయిపోతాదని."

"ఆయన మాట ఆయన్ది. నీ మాట సెప్పు. పుస్తకాలు సదివినదానివి."

"సరే విను. పైన కనపడే మఖ కూడా సూర్యుడిలాంటిదే, ఇంకా పెద్దది. సూర్యుడు తన చుట్టూ తను ఒక్కమారు తిరగడానికి ఇంచుమించు నెల పడతాది. దీనికి ఒక్క రోజు కూడా అక్కర్లేదు. పొద్దున్న మొదలెడితే, మనం అన్నాలు తిని పడుకునేసరికి ఒక చుట్టు అయిపోతాది."

"ఓలమ్మ. అంత జోరా."

"అంత జోరుకి గుండ్రంగా ఉండలేదు. నడుం దగ్గర ఉబ్బి, పైనా కిందా అణిగిపోయి, గుమ్మడికాయలాగ ఉంటాది. ఉబ్బిన చోట వేడి తగ్గి మసకబారిపోతాది. రెండు కొసలూ మాత్రం తెల్లగా మండిపోతా ఉంటాయి."

"బాలింత జొరం వొచ్చినట్టు. ఒల్లు సల్లగుంటాది, నెత్తి కాలిపోతాది."

"అలాగే అనుకో."

"ఇంకా జోరెక్కితే?"

"ఇంక ఎక్కడానికి ఎంతో లేదు. నూటికి మూడు నాలుగు పాళ్ళు పెరిగిందంటే, నడుం దగ్గర సరుకు నిలవక బయటికి ఎగిరిపోతాది. తిరగలి మరీ జోరుగా తిప్పితే పిండి చెదిరిపోదూ? అదీ అంతే. దాని బరువే దాన్ని పట్టుకునుంది."

"మరి మన కంటికి అలాగ అగుపడదేటి? నేను సూసేను. కదలకుండా బుద్దిగా ఉంటాది."

"దూరం కదత్తా. ఎంత తిరిగినా మనకి నిలకడగానే కనపడతాది."

"తొంగున్న పసిపిల్లలాగ."

"ఏటి?"

"ఏటీ నేదు. ఆ తోడుసుక్క సంగతి సెప్పు."

"దేముడమ్మ ఏ వాకిట్లో ఉంది? అలికిడే లేదు."

"ఉంటాదిలే. దానికంత జోరు ఎక్కణ్ణించొచ్చిందన్నావు నిన్న?"

"అదెవరూ కళ్ళతో చూసింది కాదు, లెక్కలుకట్టి అనుకుంటన్నది. దాని పక్కనే ఇంకో చుక్క ఉంది. ఒకప్పుడు అదే పెద్దదంట. దాని ఒంట్లో ఉన్నదంతా వచ్చి దీనిమీద పడింది. పడినకొద్దీ దీనికి జోరు పెరిగిపోయింది."

"ఇది లాక్కుందా, అది ఇచ్చిందా?"

"రెండూ ఒకటే అత్తా. అది ఉబ్బింది, పక్కనే ఇదుంది. ఒలికిందంతా దీనికొచ్చేసింది."

"అయితే ఆ పెద్దదే దీన్ని పెంచింది. కన్నోడిలాగ."

"అలాగే అనుకో, పోనీ."

"పెంచినోడికి సివరికేటి మిగిలింది?"

"ఏం మిగల్లేదు. ఒంట్లోదంతా పోయి, బూడిదలో నిప్పుకణికంత అయిపోయింది. ఇంకా దీని చుట్టూనే తిరగతా ఉంటాది."

"దీనికేటీ అవనేదు."

"దీనికేటవుతాది? మఖలో పుట్టి పుబ్బలో పోయే రకం కాదు. ఇంకా కోట్ల ఏళ్ళుంటాది."

"నీలా, నవ్వకుండా సెప్పు. శాంతి సేయిస్తే ఆ తిరగడం ఆగుతాదా?"

"భలేదానివత్తా. హోమాలకి ఆగుతాదా అది? ఎవరొచ్చినా ఆపలేరు."

"మరా తోడుసుక్క బతకాలంటే ఏటి సెయ్యాల?"

"ఇప్పుడింకేటి చేస్తాం? ముందే దూరంగా ఉండవలిసింది. దూరంగా ఉంటే రెండూ బాగుండేవి."

"మల్లీ అను."

"దూరంగా ఉంటే రెండూ బాగుండేవి. ఏటత్తా, అలాగైపోయావు? నీళ్ళు తాగుతావా?"

"నిన్న కూడా ఇదే మాటన్నావు. తప్పుగా ఇన్నానేమోనని పొద్దున్నించీ గుండె పీకేస్తంది. తప్పుగా ఇన్నేదు. అంతే సాలు."

"అత్తా, దేముడమ్మని పిలు. పాలిచ్చే వేళయింది."

"దేముడమ్మ పొలానికెల్లింది."

"పాపని పట్టుకునా?"

"నువ్వు తొంగున్నప్పుడు సేపలమ్మే లచ్చమమ్మ వొచ్చింది."

"పాపేదంటే చేపలంటావేటి?"

"పాపం ఆవిడికి కడుపు పండనేదు. ఎన్ని మొక్కులు మొక్కిందో. ఆల్లూరు బావనపాడులో మంచి గుణమని పేరు."

"అత్తా."

"సేటలో మెత్తగా గుడ్డేసి ఇచ్చేను. ఎండ తగలకుండా కొంగు కప్పింది. ఆటోలోనే ఎల్లింది, నడవనేదు."

"నన్నడక్కుండా? నా పిల్లని, నేను నిద్రలో ఉంటే?"

"నువ్వు మెలకువగుంటే ఇస్తావేటి? నాకు బయమేసిందే. నాకు గోవిందొక్కడే. శాంతితో ఆగుతాదని పంతులుగారంటే కొంచెం దయిర్నంగా ఉన్నాను. ఆగదని నువ్వే సెప్పేవు. తోడునున్నోడు బూడిదైపోయాడని నువ్వే సెప్పేవు. రాత్రంతా కన్ను ముయ్యనేదు నేను."

"నేను చెప్పింది చుక్క గురించి. అదెక్కడుందో తెలుసా నీకు? దానికి మన ఊరు తెలీదు, నీ కొడుకు తెలీదు. నీ కాళ్ళు పట్టుకుంటాను, అది ఉత్త చుక్క అత్తా."

"నా మనవరాలు మీద నాకు కోపం నేదు. తల్లీతండ్రీ ఎక్కడున్నా సల్లగుండాలని దాని నెత్తిమీద సెయ్యేసే ఇచ్చేను."

"ఆగు, ఆగు. చేటలో పెట్టి ఇచ్చానన్నావు కదా. మావయ్యకి చేసిందేనా?"

"మీ మావకి ముందు పుట్టినోల్లెవలూ దక్కనేదు. సేటలో ఎట్టి పక్కింటోల్లకిచ్చేసి, మల్లీ తవుడు పోసి కొనుక్కుంది ఆల్లమ్మ. అందుకే తవిటయ్యని పేరు."

"హమ్మయ్య. అదా. ముందే చెప్పొచ్చు కదా. ప్రాణం పోయిందనుకో నాకు. పోనీలే, నీ ఆచారం నీది, నేనేమీ అనను. ఇప్పుడే వెళ్ళి కొనుక్కొచ్చేస్తాను. తవిటమ్మని పేరెట్టమన్నా పెట్టేస్తాను. తవుడు గోలెం దగ్గర డబ్బాలోనే ఉంది కదా?"

"ఎండెక్కువగుంది. బాలింతవి, బయటికెల్లకూడదు."

"పాలు చేపుకొచ్చేస్తన్నాయి అత్తా. జాకెట్టంతా తడిసిపోయింది. ఆటోకి ఫోను చెయ్యి. ఇదిగో, చేటనిండా తీసాను తవుడు. ఇది చాలదా? ఇంకొంచెం తియ్యనా?"

"అదక్కడెట్టెయ్యి నీలా. ఆవిడ తవుడు పుచ్చుకోదు. ఎవలు తెచ్చినా పుచ్చుకోవద్దని గోవిందు మీద ఒట్టేయించుకున్నాను."