ఆడవాళ్లు ముట్టని తాడు

హలో… ఆ, నేనే. పాతాళంలోంచి వచ్చే ఫోన్‌కి పలికేవాడు ఈ పవిరో తాత తప్ప ఇంకెవడున్నాడే?

చెప్పు రెట్నో… లాగమంటావా? అప్పుడేనా?… వెలుగు చూశారా?… పై కన్నంలోంచి స్తంభంలా దిగిందా?… ఆ, నేనే దించా. పొద్దుటి నుంచీ తుడిచి, మెరుగు పెట్టి, నెమ్మదిగా వదిలా. మా మనవరాలు నీ తరఫున అని చెప్పు నీ టూరిస్టులకి.

నలుగురూ బాగున్నారా?… పంతులమ్మ గారు జారారా?… మోకాలా. నడుస్తున్నారుగా?… సరే. ఆ బురద మొహానికి రాసుకుంటే వయసు తగ్గుతుందని చెప్పు. నేను రాసుకోబట్టే కదా, నాకు నూట నలభై ఏళ్లంటే ఒక్కడూ నమ్మడు.

లాగటమా… దానికి కాస్త ఆగాలి తల్లీ… కాస్తంటే… ఓ ముప్పావు గంట.

అరవకు! అరవై మీటర్ల లోతు నుంచి నేరుగా నా చెవిలోకి వస్తోంది నీ గొంతు… ఇవాళ ఏం వారం?… శుక్రవారం కదా. పన్నెండు కావస్తోంది కదా. టుకిజో, వాడి తాడు మనుషులు తొమ్మండుగురూ స్నానాలు చేసి, టోపీలు పెట్టుకుని, జుమ్మా నమాజుకి పోయారు… అందరూ. ఇక్కడ నేనూ, కప్పీ, తాడూ, ఈ తీగ ఫోనూ… నేనెందుకు పోలేదంటావా? నా మోకాళ్ల సంగతి దేవుడికి తెలుసు. నువ్వు కూర్చుని కాపలా కాయరా పవిరో, అన్నాడు.

వాళ్లదా తప్పు? బాగుంది! శుక్రవారమైతే పదకొండుకల్లా బిలంలోంచి అందరూ పైకి వచ్చెయ్యాలి. నువ్వు పుట్టక ముందు నుంచీ కట్టుబాటు. ఎనిమిదిన్నరకి రావాల్సిన జీపు పదిన్నరకి వచ్చి, అయినా దించి తీరాలంటే వాళ్లేం చేస్తారు?… పొగమంచా… మెరాపి అగ్నికొండ మీద సూర్యుడు కనపడందే కదలమన్నారా?… ఏడున్నర దాకా కూర్చున్నారా, ఆ చలిలో!… నాకో కబురు పెడితే మెరాపి తాతతో నేను మాట్లాడేవాణ్ణి. ఆయనా నేనూ ఒక ఈడు వాళ్లం. నా చిన్నప్పుడు ఆయన ఓసారి తుమ్మాడు, మా అమ్మ పొయ్యి మీద పెట్టిన కుండ… సరే, చెప్పను. విన్నావులే.

కూర్చోండి ఏదో రాయి మీద. వాళ్లకి నీళ్లివ్వు. వేయించిన శనక్కాయలున్నాయిగా నీ సంచిలో…

ఏంటీ?… చప్పుడా?… జీపు ఇంజనులాగా… అది లోపల పారే ఏరే. ఎప్పుడూ ఉండేదేగా… పొద్దున లేదా?… పెరుగుతోందా?

ఆగు. ఒక్క నిమిషం ఆగు. నీళ్లు ఏ రంగు?… దిగినప్పుడు?… ఇప్పుడు?… టీ రంగు. నురగ ఉందా?… ఆకులు? ఎండినవా, పచ్చివా?… సరిగ్గా చూసి చెప్పు… పచ్చివా.

…

ఉన్నా, ఉన్నా. రెట్నో, ఒకటి అడుగుతా. మెరాపి నుంచి వచ్చేటప్పుడు దారిలో వాన పడిందా?… ఎక్కడ?… ఉత్తరపు గుట్టల దగ్గరా… ఎంత వాన?… దారి కనపడక జీపు ఆపాడా… తొమ్మిదప్పుడు.

ఇది దిగే ముందు చెప్పొద్దా తల్లీ!… ఇక్కడ ఎండ కాస్తోందనా. ఇక్కడ ఎండే. ఇప్పుడూ ఎండే, నా బుర్ర కాలిపోతోంది. గుట్టల మీద పడ్డ వాన కన్నాల్లో దూరి, రాళ్ల కిందుగా పాక్కుంటూ మూడు గంటల్లో మీ కాళ్ల దగ్గరికి వస్తుంది… నేనూ అడగలేదు. అడగాల్సింది. ఎండ చూసి ఊరుకున్నా.

లేదు… లేదమ్మా, ఆట పట్టించట్లేదు… నవ్వటం లేదు. మీ అవ్వ మీద ఒట్టు. మీ అవ్వ మీద నేనెప్పుడైనా ఉత్తుత్తి ఒట్టు పెట్టానా?

విను. నీ వెనక గోడ చూడు. టార్చి వెయ్యి. పైకి… ఇంకా పైకి. నీ తలకి రెండు బారల ఎత్తున ఓ ఎండు వెదురు రాతి సందులో ఇరుక్కుని ఉంటుంది. కనపడిందా?… దాన్ని అక్కడ మనుషులెవరూ పెట్టలేదు.

ఆ… అర్థమైందిగా. వాళ్లకి చెప్పకు. మొహం మామూలుగా పెట్టు. అందర్నీ పెద్ద రాయి ఎక్కించు. నడుం పట్టీలు ఒక్కరు కూడా విప్పకూడదు. నేను ఊరిని పిలిచే దుంగ బాదుతా. ఫోన్ చెవికి దూరంగా పెట్టుకో.

…

…

హలో. బాదాను. ఆపద దెబ్బ, ఆపకుండా, చేతులు బొబ్బలెక్కేదాకా. మసీదు మైకులో ఉపన్యాసం గట్టిగా వినపడుతోంది. నా పనస దుంగ వాళ్లకి వినపడినట్టు లేదు… రాలేదు. ఎవరూ రాలేదు… మసీదు రెండు కిలోమీటర్లే, నా మోకాళ్లకి అది మక్కా అంత దూరం.

నీళ్లెక్కడున్నాయి?… రాయి మొదట్లోకి వచ్చాయా. ఆ నీళ్లొచ్చే సొరంగం నోరు కనపడుతోందా ఇంకా?… సగమా.

ఎవరు?… ఇవ్వు, మాట్లాడతా.

ఆ, నమస్కారమండీ. పంతులమ్మ గారి భర్తా మీరు?… ఏం లేదండీ, కుర్రాళ్లు నమాజుకి వెళ్లారు, వచ్చేస్తారు… తాడా? భేషైన తాడండీ. పోయినేడు దీంతో ఓ గేదెని లాగాం. చూలు గేదె. పైకొచ్చేసరికి దూడతో సహా వచ్చింది… మీరు గేదెకంటే తేలికేగా?… ఆ, నవ్వారు. మంచిది. రెట్నో ఏం చెబితే అది చెయ్యండి, ఎందుకని అడక్కండి. మీ ఆవిడ చెయ్యి వదలకండి. ఫోన్ మా పిల్లకివ్వండి.

…

రెట్నో, బక్కగా ఉన్నవాళ్లెవరు?… జకార్తా కుర్రాళ్లా. చూడు— ఆగాగు. ఎవరో వస్తున్నారు. చేలోంచి… సుమియెమ్! శనక్కాయ చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లందరూ! దుంగ దెబ్బ విన్నారు! ఒకటి, రెండు… ఎనిమిది మంది!

రండి, రండమ్మా! బిలంలో నీళ్లొస్తున్నాయి! కింద ఐదుగురు! కార్సినీ, నీ స్కూటరేది? మసీదుకి పో, ఉపన్యాసం మధ్యలోనైనా సరే లోపలికి దూరి కేకెయ్యి! మిగతావాళ్లు తాడు పట్టండి! పట్టండీ!

…

కార్సిని పోయింది. మీరేంటలా నిలబడ్డారు?

…

ఆ, వింటున్నా రెట్నో… ఏం లేదు. వాళ్లు… వాళ్లు తాడు ముట్టట్లేదు.

ఎందుకా. నీకు తెలుసు ఎందుకో. ఆడది ముడితే బిలం తల్లి తాడు తెంపుతుందిగా. సుమియెమ్ చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది. కింద ఉన్నవాళ్లని మేమే చంపినవాళ్లం అవుతాం తాతా అంటోంది. కళ్లనీళ్లు పెట్టుకుని మరీ అంటోంది.

నువ్వూ విను. ఫోన్ చేతిలోనే పట్టుకుని చెబుతా. ఇద్దరూ… అందరూ వినండి.

సుమియెమ్, బిలం తల్లి లేదు. అది నేను అల్లిన కథ.

నేనే! ఒట్టమ్మా, నేనే! నా పెళ్లైన కొత్తలో… ఇదే కప్పీ, ఇదే గట్టు. మా ఆవిడ పైనెమ్ ఓ రోజు సరదాకి తాడు పట్టింది. దానిది మంచి పట్టు. ఊపిరి లెక్కగా వదిలేది, తడబడకుండా వెనక్కి నడిచేది. నాకంటే బాగా లాగింది. మొగాళ్లందరూ నవ్వారు, పవిరో నువ్వింక వంట చేసుకో అన్నారు. నాకు కడుపు మండింది. ఆ సాయంత్రం అల్లం నీళ్లు తాగుతూ తెల్లచీర తల్లినీ, తెగిన తాడునీ, చచ్చిన ఇద్దర్నీ అల్లేశా. ఎవరూ చావలేదు! ఎవరో అడిగారు కూడా, వాళ్ల పేర్లేంటని. పేర్లు కూడా పెట్టా!

అదే కథ టుకిజో వాళ్ల నాన్న చెప్పాడు, టుకిజో చెప్పాడు. టూరిస్టులకి నేనే చెప్పా, ప్రతి ఆదివారం, చేతులు ఊపుతూ. ఎవరూ నమ్మరనుకున్నా మొదట. తర్వాత నమ్మారని సంబరపడ్డా.

…

రెట్నో… ఉన్నావా?

అవును. అప్పుడు కూడా. నువ్వు వచ్చి నన్ను తాడు జట్టులో వేయించు తాతా అంటే, బిలం తల్లి ఒప్పుకోదు అన్నా. ఏడ్చావు. పైన వద్దంటే కిందికే దిగుతా, గైడునవుతా అన్నావు. చెప్పొచ్చు అప్పుడైనా. నోటిదాకా వచ్చింది. సిగ్గేసింది.

తిట్టు. తర్వాత తిట్టు. నీళ్లెక్కడున్నాయి?… రాయి మీదకి. సొరంగం?… కనపడట్లేదా.

సుమియెమ్! నా మొహం చూడు. నేను జన్మలో మొదటిసారి నిజం చెబుతుంటే నమ్మరేంటమ్మా మీరు!… నీ పేరు పెట్టి అడుగుతున్నా. నా మనవరాలు కింద ఉంది.

…

పట్టింది. రెట్నో, పట్టింది! ఒక్కతే… ఇంకొకతె… పట్టారు. అందరూ పట్టారు!

గట్టు దారిలో వెనక్కి నడవండమ్మా, చేతుల్తో కాదు, కాళ్లతో లాగండి! నేను ఈ గుంజ చుట్టూ తాడు రెండు చుట్లు వేసి పట్టి ఉంచుతా, జారకుండా. రెట్నో, ఎవర్ని కట్టావు?… పంతులమ్మ గారు, ఓ కుర్రాడు. నువ్వెందుకు లేవు ఆ కొక్కేనికి?… నీ బరువెంత, కోడిపిల్లంత! ముగ్గుర్ని లాగుతాం!… గైడు ఆఖరున. నేనే నేర్పానా. నేను నేర్పినవి నూటికి తొంభై అబద్ధాలు, ఇదొక్కటే దొరికిందా నీకు?

సరే. సరే… లాగుతున్నాం.

…

…

వచ్చారు. గట్టున పడ్డారు. పంతులమ్మ గారు బాగానే ఉన్నారు, నేలని ముద్దు పెట్టుకుంటున్నారు. తాడు దించుతున్నా… అందిందా?… ఆయన్నీ, రెండో కుర్రాణ్ణీ. పట్టీ రెండుసార్లు చూడు… నడుం దాకా వచ్చాయా. ఎవరికి, నీకా వాళ్లకా?… రాయి మీద నిలబడేనా?

లాగండి!

… ఈయన గేదెకంటే బరువే. సుమియెమ్ తిడుతోంది. తిట్టనీ, తిడితే బలం వస్తుంది… ఆగింది. ఎందుకాగింది? ఊపిరి తీసుకోండి… మళ్లీ. అడుగు వెయ్యండి. ఇంకో అడుగు. దుబ్బు మీద కాలు పెట్టకు, జారుతుంది…

రెట్నో, ఏదన్నా మాట్లాడు. నీ గొంతు వినపడుతుండాలి నాకు… ఏదైనా… చల్లగా ఉందా. అది గుట్టల చలి. ఇంటికొచ్చాక వేణ్ణీళ్లు కాస్తా… మీ అవ్వ సంగతా? ఇప్పుడా?… మీ అవ్వకి తెలుసు. మొదటి రోజే తెలుసు. ఏమీ అనలేదు. మళ్లీ ఎప్పుడూ ఈ గట్టు ఎక్కలేదు, అంతే.

వచ్చారు! ఇద్దరూ పైకి వచ్చారు! తాడు దించుతున్నా. వదిలేశా, నేరుగా వదిలేశా, తల జాగ్రత్త. నీ పక్కనే పడాలి… కనపడలేదా? కుడి వైపు చూడు… నీళ్లు లాగుతున్నాయా దాన్ని? పట్టుకో. దేనికైనా ఆనుకో, ఆ తర్వాత చెయ్యి చాపు… చాతీ దాకానా.

కొక్కెం వేశావా?… రెట్నో?… వేశావా అని అడుగుతున్నా… ఏంటి?… వినపడట్లేదు, నీళ్ల హోరు… ఫోన్ వదిలెయ్. నాతో మాట్లాడకు. రెండు చేతులూ కొక్కెం మీద పెట్టు. వదిలెయ్ తల్లీ!

…

రెట్నో?

…

నీళ్లే వినపడుతున్నాయి.

సుమియెమ్… తాడు చూడమ్మా. వదులుగా ఉందా, బిగిసి ఉందా?… సరిగ్గా చూడు. నీళ్లు లాగినా కదులుతుంది. చేత్తో పట్టుకుని చూడు…

…

కొద్దిగా లాగు. బరువుందా?…

…

మళ్లీ చూడు.

…

ఉందా?… ఉందంటావా? ఒట్టా?

ఫోన్ కింద పెడుతున్నా. జరగండమ్మా… పంతులమ్మ గారూ, మీరూ రండి, కుర్రాళ్లూ రండి… మధ్యలో నాకింత చోటివ్వండి. అడుగు నువ్వు చెప్పు సుమియెమ్, నేను నీ వెనక నడుస్తా.