బడి వెనక గుంత

హలో… ఆ, నేనే, జొకుడుని. నీళ్ళ కమిటీ పెద్దనే… ఎవరూ?

మాలువల్… ఏ మాలువల్? … ఓహో. మా జొన్నచేలల్లోకి ఆవుల్ని తోలిన మాలువల్‌వి. నా నంబరు నీకెవరిచ్చారు?

… అక్కా గిక్కా అనకు. సంగతి చెప్పు.

… మరుగుదొడ్ల గుంతలు తవ్వొద్దా? చెప్పడానికి నువ్వెవరివయ్యా — … ఆ, బడి వెనకే. రోడ్డు మీంచి చూశావా? … మా కుర్రాడు లెమీ దిగి తవ్వుతున్నాడు, నా కళ్ళముందే. నడుం లోతయింది.

… 'ఫోన్లో చెప్పలేను' అంటే? అయితే చెప్పకు.

చూడు. మొన్న వానల్లో ఏటి నీళ్ళు తాగి పదకొండుమంది పోయారు, కలరాతో. ఊరు కాలిపోయిన ఆరేళ్ళకి ఇప్పుడే బోరు బాగుపడింది. గుంతలు దానికి దూరంగా ఉండాలని తాడు పెట్టి కొలిచి మరీ తవ్విస్తున్నా. నువ్వేమో జరపమంటున్నావు. మా నీళ్ళు మళ్ళీ చెడాలి, మేం మళ్ళీ ఊరొదిలిపోవాలి, ఇక్కడ మీ ఆవులు మేయాలి. అంతేగా?

… కాదా? మరి అక్కడేం దాచారు, తుపాకులా? … ఏంటా గొంతు? ఏడుస్తున్నావా?

… మనిషా.

ఎవరు?

… ఆ పేరు నీ నోట రాకూడదు. మా తమ్ముడు పితియా ఉగాండాలో ఉన్నాడు. ఏదో శరణార్థుల శిబిరంలో. నీకేం తెలుసని —

… ఊరికే అంటే సరిపోదు. గుర్తు చెప్పు. చొక్కా ఏ రంగు? … నీలం ఎవరైనా వేసుకుంటారు. … అతుకా? ఎక్కడ? … ఏ దారంతో?

…

ఆకుపచ్చ దారం నేనే ఎక్కించాను. ఆ రోజు నీలం దొరకలేదు.

నువ్వు చంపావా? … ఊరు తగలబెట్టిన తుపాకులవాళ్ళే అయితే, ఇన్నేళ్ళూ నోరెందుకు మూసుకున్నావు? … ఆ. నిన్నే అంటామని. అంటాం మరి. ఇప్పుడూ అంటారు. నేను కూడా… ఏమో. నమ్మానని మాత్రం చెప్పట్లేదు.

మరి ఈ రోజెందుకు — … మరుగుదొడ్డి గుంతలో వాడి మీద… చాలు. అర్థమైంది, ఇక చెప్పకు.

ఒక్కడివే పాతిపెట్టావా? … తల ఎటు పెట్టావు? … ఏటి వైపు. బడి గోడ నించి ఎన్నడుగులు? … తొమ్మిది. ఎంత లోతు?

… ఛాతీ దాకానా.

రేపు పొద్దున్నే రా. నువ్వే చూపించు. నీ మీద చెయ్యి పడకుండా రోడ్డు దగ్గరే నిలబడతాను. రాకపోతే మాత్రం చంపింది నువ్వేననుకుంటా… సరే. పెట్టేస్తున్నా.

లెమీ… పార కింద పెట్టు. చెబుతా, ముందు పైకి రా. మెల్లగా… అక్కడ గట్టిగా తొక్కకు.