మంగరాజు ఐసు పెట్టె

కంపెనీలకు రొయ్యల సరుకు తోలే మంగరాజు, హనుమాన్ జంక్షన్‌లో మాణిక్యమ్మ టీ కొట్టు ముందు వ్యాను ఆపాడంటే టీ ఒక సాకు. అతనికి కావలసింది వినేవాళ్ళు. ఆ పొద్దున బల్ల మీద నలుగురున్నారు. వ్యానులో అతని పక్కన కూర్చుని వచ్చిన కనకదుర్గ బల్ల చివర కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుంది. సంచీలో రొయ్యల పచ్చడి సీసా. విజయవాడ ల్యాబులో పనిచేసే రుచిత అనే అమ్మాయికివ్వాలి. నెల కిందట కనకదుర్గ చెరువులో రొయ్యలు మేత మానేసి, ఒక్కొక్కటే తేలి గట్టుకు కొట్టుకొస్తుంటే, ఆ అమ్మాయే పరీక్ష చేసి పంట దక్కించింది. నిన్న వలలేసి పట్టుబడి పూర్తిచేశారు. అయినా కనకదుర్గ బెంగ ఇంకా పూర్తిగా తీరలేదు. టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుంటోంది.

"చిన్న పనేలెండి," అని మొదలుపెట్టాడు మంగరాజు. "మా చెల్లెమ్మ చెరువులో రొయ్యలకి ఒంట్లో బాగాలేదంటే, శాంపిలు పట్టుకెళ్ళి ల్యాబులో ఇచ్చొచ్చా, అంతే."

అంతేనా అన్నారెవరో. ఆ మాట కోసమే అతను కాచుకుని ఉన్నాడు.

"అంతే అంటే, ఎలా పట్టుకెళ్ళానో అడగాలిగా. ఇరవై ఏళ్ళుగా ఈ చేత్తో సరుకు పంపుతున్నా, రొయ్యని ఎలా పంపాలో నాకొకడు చెప్పాలా, తల తీసి, నరం లాగి, మూడు నీళ్ళలో కడిగి, ఐసు మీద ఐసు పరిచి, పెట్టె మూసి బండెక్కానా, గన్నవరం దాటుతుంటే పక్కనే విమానం పరిగెడుతోందండీ, పైలట్ అద్దం దించి, 'మీరు ముందెళ్ళండి గురువుగారూ' అన్నాడు, సరేలెమ్మని నేనే ముందెళ్ళా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"విమానంవాడు నీకు టీ ఇప్పించాడా," అంది మాణిక్యమ్మ, పొంగుతున్న పాలలో గరిట తిప్పుతూ.

మంగరాజు అది చెవిన పెట్టలేదు. ల్యాబులో నలభైమంది సైంటిస్టులు లేచి నిలబడ్డారట. ఇంత శుభ్రమైన శాంపిలు దేశంలో ఏ పరిశోధన కేంద్రానికీ రాలేదని రుచిత కళ్ళనీళ్ళు పెట్టుకుందట. మైక్రోస్కోపులో మంగరాజు కన్ను పెట్టేసరికి, అవతలున్న క్రిమి అతన్ని గుర్తుపట్టి, మీ వాళ్ళ చెరువని తెలియదండీ, పొరపాటైందని పెళ్ళాంపిల్లలతో సహా ఖాళీ చేసి పోయిందట. ఒళ్ళు తేలికపడ్డ రొయ్యలు ఊరుకున్నాయా, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆపించేసి కాళ్ళతో చెరువంతా అవే చిలుక్కున్నాయట. నిన్నటి పట్టుబడిలో ఒక్కో రొయ్యకి ఒక్కో లారీ పట్టిందట.

"మీసాలు లారీ వెనక పదడుగులు బయటికొచ్చాయండీ. ఇనుప చువ్వలకి కడతారు చూడండి, అలా వాటి చివర ఎర్రగుడ్డ కట్టి పంపించా. బెంజి సర్కిల్లో ఒక మీసం వెళ్ళి ఫ్లైఓవర్ స్తంభానికి చుట్టుకుంది, ఊరు ఊరంతా గంటసేపు కదిలితే ఒట్టు. జపానువాళ్ళు ఓడ తెచ్చుకుని, ఇందులో పట్టదని వెనక్కెళ్ళి ఇంకోటి కట్టుకుంటున్నారు. దేశంలో రొయ్యల వ్యాపారమంతా ఇవాళ నా ఐసు పెట్టె మీద నడుస్తోందండీ."

కనకదుర్గకి నవ్వొచ్చింది. నెల రోజుల తర్వాత వచ్చిన నవ్వు. అందుకైనా ఇతనికి దణ్ణం పెట్టాలి, కొయ్యనీ కోతలు, అనుకుంది.

ఆ నలుగురిలో నవ్వనివాడు ఏడుకొండలు ఒక్కడే. పక్క ఊరివాడు, ఈ ఏడే మొదటిసారి చెరువు వేశాడు. తన చెరువులోనూ నిన్నటి నుంచి రొయ్యలు తేలుతున్నాయని, ల్యాబుకే బయల్దేరానని చెప్పి, కాళ్ళ దగ్గరున్న తెల్ల పెట్టె ముందుకు జరిపాడు.

"మొన్న ఇక్కడే చెప్పావుగా బాబాయ్. అచ్చం నువ్వన్నట్టే చేశా. సరిపోయిందో లేదో చూడు."

మూత తీశాడు. కడిగిన రొయ్యలు ఐసు మీద వరసగా మెరుస్తున్నాయి. ఒక్కదానికీ తల లేదు.

కనకదుర్గ గ్లాసు కింద పెట్టింది.

"అన్నయ్యా, ఆ రోజు రుచిత పెట్టె మూత తీసి ముందు ఏమడిగింది?"

మంగరాజు గ్లాసు ఎత్తి నోటికి ఆనించుకున్నాడు. అందులో టీ ఎప్పుడో అయిపోయింది.

"తలలేవి అనడిగింది," అని కనకదుర్గే చెప్పింది. "జబ్బేదైనా తలలోనే చూడాలంట. ఐసులో పెట్టినవి వద్దు, ప్రాణంతో కావాలంది."

ఏడుకొండలు పెట్టె మూత వేసేశాడు. అవతల చెరువులో ఈపాటికి ఇంకెన్ని తేలాయో.

"అక్కడితో సరిపెట్టుకుంటే నా చెరువు పోయేది. అన్నయ్య సరిపెట్టుకోలేదు." ఆమె ఇన్ని మాటలు ఒక్కసారిగా అనగా మాణిక్యమ్మ వినడం ఇదే మొదటిసారి. "మారు మాట్లాడకుండా బండి తిప్పాడు. బతికున్నవి చెరువు నీళ్ళతో సహా ప్లాస్టిక్ సంచీలో పట్టించి, ఆక్సిజన్ నింపించి, మళ్ళీ విజయవాడ తీసుకెళ్ళాడు. దారంతా నా ఒళ్ళో అవి కొట్టుకుంటూనే ఉన్నాయి. ఇంటికి బయల్దేరిన రుచిత హ్యాండ్‌బ్యాగు పక్కన పెట్టి మళ్ళీ కూర్చుంది. పరీక్ష చేసి, చెరువు అడుగున మేత కుళ్ళిందంది. మేత సగం చేసి, బురద తోడించమంది. మందులేమీ పొయ్యనివ్వలేదు. నా పిల్లలిద్దరూ ఇవాళ కాలేజీకెళ్ళారంటే ఆ అమ్మాయి వల్ల, ఈయన వల్ల. అది చెప్పు అన్నయ్యా. విమానమెందుకు?"

తర్వాత ఏడుకొండలు వైపు తిరిగి, నీ చెరువుది వేరే జబ్బు కావచ్చు, మేము చేసిందే చెయ్యకు, బతికున్నవి చూపించు అంది.

మంగరాజు తుండుతో ముఖం తుడుచుకుని లేచాడు. "పదరా అబ్బాయ్, మీ చెరువుకి. మధ్యాహ్నానికల్లా ల్యాబులో ఉండాలి."

కనకదుర్గ కూడా వాళ్ళతోనే ఎక్కింది. పచ్చడి సీసా ఒక పూట ఆలస్యమైతే పాడవదు. గుంతల్లో బండి ఎగిరినప్పుడు బతికున్న రొయ్యల సంచీ ఎలా పట్టుకోవాలో ఆమెకి తెలుసు.

గుడివాడ రోడ్డు ఎక్కేసరికి మంగరాజు మళ్ళీ మొదలుపెట్టాడు. "చూస్తుండరా, నేను గుమ్మంలో అడుగు పెట్టగానే రుచితమ్మ లేచి నిలబడుతుంది."

"నిలబడుతుంది," అంది కనకదుర్గ. "సంచీ పైకెత్తి తలలు లెక్కపెట్టొద్దూ."