మొదట ఆపాల్సిన మనిషి

మాచర్ల అవతల సిమెంటు ఫ్యాక్టరీలో సంచులు కుట్టే మిషన్లు దిగిన రోజు సాయంత్రం, మేస్త్రీ అన్నం కలుపుతున్నాడే గాని ముద్ద ఎత్తడం లేదు. ఆ ఫ్యాక్టరీలోనే చేత్తో సంచులు కుట్టే అతని భార్య ఎదురుగా కూర్చుంది.

“ఏందయ్యా, మిషన్లొచ్చాయని నిన్ను తీసేశారా?”

“లేదే. గేటు కాడ వాచ్‌మన్‌గా వేశారు.”

“మరి ఆ మొహమేంది?”

“రేపట్నుంచి సంచులు కుట్టే ఆడోళ్ళెవర్నీ లోపలికి రానీయొద్దంట. నన్నే ఆపమన్నారు.”

“నాతో కుట్టే రోశమ్మ వదినోళ్ళకి తెలుసా?”

“చెప్పే ధైర్యం మేనేజరుకే లేదు. పొద్దున్నే అందరూ క్యారేజీలతో వచ్చేస్తారు.”

“వాళ్ళని పనిలో పెట్టింది నువ్వేగా!”

“అందుకే నన్ను నిలబెట్టారు. నా మాటైతే వింటారని.”

ఆమె మజ్జిగ గ్లాసు అతని ముందుకు జరిపింది.

“అయితే రేపు నేనే ముందు నడుస్తా. మొదట నన్ను ఆపు. పెళ్ళాన్నే ఆపాడంటే వాళ్ళు నిన్ను తిట్టలేరు.”

“నిన్నెట్టా ఆపేదే?”

“చెయ్యి అడ్డం పెట్టు. నా మొహం వంక మాత్రం చూడమాక.”