ఊరంతా వెలిగినా ఎక్కని ముల్లు

“మామా, ఊర్లో ఒక్క స్విచ్చి వదలకుండా అన్నీ వేపిచ్చినా, ఈడ చూస్తే మీటరు ముల్లు పైకి పోకుండా కిందికి దిగుతాండాది!”

తొండూరు దగ్గర పాత సబ్‌స్టేషన్. సాయంత్రం ఏడు గంటలు. మీటరు ముందు ముగ్గురు: సర్పంచ్ నాగేంద్రారెడ్డి, ఆయన మేనల్లుడు వివేక్, కరెంటు కంపెనీ ఇంజనీరు మాధవి.

“సరిగ్గా చూడు వివేకూ. తలకిందులుగా చూసింటావు.”

“నేనూ చూస్తున్నాను సర్పంచ్ గారూ. మధ్యాహ్నం ఉన్నదాంట్లో సగం కూడా లేదు.”

“అయితే మీ మీటరే చెడిపోయింటాది మేడం. మీరు కోస్తా నుంచి వచ్చినారు, మా గాలి దానికి పడలే.”

“పొద్దున మీ ముందరే పరీక్ష చేసి సీలు వేశాను. మీరే కొబ్బరికాయ కొట్టారు.”

“కొట్టినా. కుళ్లింది. అప్పుడే అనుకున్నా.”

“ఊర్లో ఏమేం వేయించావు వివేక్?”

“అన్నీ మేడం. మామ మీటింగుకు జనాన్ని తోలినట్లే తోలినా. వీధికొక మనిషిని పెట్టినా. టీవీలు, ఫ్రిజ్జులు, కూలర్లు, ఏదీ వదల్లే. పెంచలమ్మవ్వ పప్పు లేకుండానే మిక్సీ తిప్పుతాంది. గురుమూర్తి చిన్నాయన ఇస్త్రీ చేసేదానికి చొక్కాలు అయిపోతే గోనెసంచులు ఇస్త్రీ చేస్తాండాడు.”

“మీటింగుకు బిర్యానీ పొట్లాలు కూడా ఇస్తారు కదా?”

“అవి ముల్లు ఎక్కినాక అని చెప్పినా మేడం.”

“నవ్వద్దు మేడం! నా కూతురు పావని పులివెందుల రోడ్డు పక్కన అరటికాయలకు కోల్డ్ స్టోరేజీ కట్టి కూర్చోనుంది. మిషన్లు బిగిచ్చింది. చుట్టుపక్కల రైతులంతా దాన్ని నమ్ముకొని గెలలు చెట్లకే పెట్టుకోనుండారు. ఈ పాత సబ్‌స్టేషన్ దాన్ని మోయలేదంటిరి. కొత్తది వస్తేనే ఆ మిషన్లు తిరిగేది.”

“అన్నాను. కొత్తది కావాలంటే ఊరి సాయంత్రం లోడు చూపించమని కూడా అన్నాను. ఈ పూటే రీడింగు పంపాలి. రేపు బోర్డు తేల్చేస్తుంది.”

“కోల్డ్ స్టోరేజీ లోడు లెక్కలేదా?”

“తిరగని మిషను మా లెక్కలోకి రాదు. అదొక్కదాని కోసం సబ్‌స్టేషన్ కట్టరు. ఊరు వాడుతుంటే దానికి తోడు అది.”

“ఊరు వాడతానే ఉంది కదా! రెండేండ్ల కింద సాయంత్రమైతే ఈ ట్రాన్స్‌ఫార్మరు కుతకుతా ఉడుకుతాండె. ఇప్పుడేమయింది? జనం కిరసనాయిలు బుడ్లు పెట్టుకున్నారా?”

“మీరే చూడండి. ఊరు పెళ్లిపందిరి లాగా వెలుగుతోంది.”

“ఆఁ, తెలిసిపాయ. దొంగకరెంటు! తీగలకు కొక్కేలు తగిలిచ్చినారు నా కొడుకులు.”

“కొక్కెం తగిలించినా ఆ కరెంటు ఈ ముల్లు మీదుగానే పోవాలి. దీనికి దొంగా దొరా తేడా లేదు.”

“మరి యాడి నుంచి వస్తాంది కరెంటు? పెన్నలో నుంచి తోడుకుంటాండారా?”

“నాకొక అనుమానం ఉంది. ప్రొద్దుటూరులో ఇదే చూశాను.”

“ఆడ ఏమయింది?”

“బంగారు అంగళ్ల వాళ్లు కరెంటు చాలడం లేదని మా ఆఫీసు ముందు కూర్చున్నారు. కంపెనీ కదిలి పెద్ద ట్రాన్స్‌ఫార్మరు తెచ్చేలోగా వాళ్లకు ఓపిక అయిపోయింది. ఇంటింటికీ బ్యాటరీలు కొనుక్కున్నారు. ఇప్పుడా ట్రాన్స్‌ఫార్మరు మీద పావురాలు కాపురం చేస్తున్నాయి. అద్దె కూడా కట్టడం లేదు.”

“శెట్లకు దుడ్లుండాయి, కొంటారు. మాకేం సంబంధం?”

“సంబంధం ఉంది. అది చూసి జమ్మలమడుగులో వేయాల్సిన లైను ఆపేశారు. మా బోర్డు వాళ్లకు ఒకసారి చేతులు కాలాయి. ఇప్పుడు ముందే ఆకులు పట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం లోడు కళ్లారా చూస్తే తప్ప పైసా బయటికి తీయరు.”

“అయినా మేడం... బ్యాటరీ అంటే కరెంటు పోయినప్పుడే కదా పనిచేసేది?”

“అవి పాతవి. ఇప్పటివి కరెంటు పోయేదాకా ఆగవు. మధ్యాహ్నం కడుపునిండా తాగుతాయి. సాయంత్రం ఆరు కొట్టగానే ఇంటిని మొత్తం తమ నెత్తిన వేసుకుంటాయి. మా లైను వైపు తిరిగి కూడా చూడవు.”

“ఆరు గంటలకా?”

“ఆరుకే.”

“కరెంటు ఉన్నా గూడానా?”

“ఉన్నా కూడా.”

“యెవురూ నొక్కకుండానే?”

“ఎవరూ నొక్కకుండానే.”

“వివేకూ, మేడంకు కాఫీ చెప్పు.”

“నాకొద్దు. మధ్యాహ్నం ఎక్కడం, సాయంత్రం దిగడం. మీ ఊరి నిండా అవే ఉన్నాయి సర్పంచ్ గారూ. ఎవరు పెట్టారు?”

“మామా, మొన్న మనం...”

“నిన్ను కాఫీకి పొమ్మంటి కదరా!”

“మేడం వద్దన్నారు కదా మామా.”

“నాకు కావాల!”

“ఉండనీండి, చెప్పనీండి. ఏంటి వివేక్, మొన్న?”

“మొన్న ఏమీ లేదు మేడం. వానికి మొన్న జొరమొచ్చింది, అదే చెప్తాండాడు. ఇదంతా ఆ రాఘవేంద్రప్రసాద్ పని. ఎన్నికల్లో నా మీద ఓడిపాయ. నా కూతురు కోల్డ్ స్టోరేజీ కడితే వానికి కడుపుమంట.”

“ఓడిపోయినాయన ఊరందరికీ బ్యాటరీలు పంచాడా? మరి గెలిచినాయన ఏం పంచాడు?”

“అభిమానం పంచినా మేడం.”

“దాన్ని గోడకు తగిలించుకోవచ్చా?”

“మామా, పెంచలమ్మవ్వ ఫోను చేస్తాంది.”

“ఎత్తద్దు.”

“ఎత్తు వివేక్. స్పీకర్లో పెట్టు.”

“నాయనా వివేకూ, మిక్సీ కాలిపాయ కదప్పా! ఉత్తదాన్ని తిప్పమంటివి, తిప్పితి. పొగలొస్తాండాయి. ఇప్పుడు నాకు మిక్సీ యెవురిస్తారు? దీనికి గూడా ఓట్లొచ్చేదాకా కాచుకోవాల్నా?”

“పెంచలమ్మగారూ, నేను కరెంటు కంపెనీ మాధవిని. మీ ఇంట్లో గోడకు బ్యాటరీ ఉందా?”

“గోడుంది తల్లీ.”

“బ్యాటరీ?”

“గోడకు దేవుని పటముంది. దాని కింద ఉండేది నాకు అగపడదు. కండ్లకు పొరలు.”

“ఆ అగపడనిది మీకు ఎవరిచ్చారు?”

“అది మాత్రం చెప్పను. పసుపు ముట్టి పెమానం చేసినా. చెప్తే కండ్లు పోతాయి.”

“అవ్వా, పొరలున్న కండ్లు ఇంకేం పోతాయి?”

“ఉండే కాస్తా పోతాయి వివేకూ. ఓటు పెమానం తల్లీ, ఆడిన మాట తప్పకూడదు. ఓటు యెవురికేసినావని అడుగు, చెప్తా. నాగేంద్రకే వేసినా, మా ఇంట్లో అందరం వేసినాం. బ్యాటరీ యెవురిచ్చినారో మాత్రం పానం పోయినా చెప్పను.”

“పెట్టేయ్ రా ఫోను!”

“ఎంత నమ్మకమైన ఓటరు సర్పంచ్ గారూ! మాట తప్పలేదు చూడండి.”

“ముసలామె మేడం. మతి నిలకడ లేదు.”

“సరే. నేను రిపోర్టు రాసేస్తున్నాను. సాయంత్రం లోడు లేదు, కొత్త సబ్‌స్టేషన్ అక్కర్లేదు. బోర్డు ఆ పెట్టుబడి ఇంకో ఊర్లో పెట్టుకుంటుంది.”

“ఆగండి మేడం! ఒక్క వారం టైమియ్యండి. ఆ బ్యాటరీలు ఆరు గంటలకు లేచి కూర్చోకుండా చేస్తే?”

“చేయగలరా? ఆ టైము మార్చాలంటే పాస్‌వర్డు కావాలి. అది పెట్టించినవాళ్ల దగ్గరే ఉంటుంది.”

“దొరుకుతాది.”

“ఎవరి దగ్గర?”

“దొరుకుతాదంటి కదా!”

“అలా కుదరదు. ‘ఈ బ్యాటరీలు నేనిచ్చాను, నేనే మారుస్తాను, సాయంత్రం ఊరు మీ లైనే వాడుతుంది’ అని ఇచ్చినాయన ముందుకు రావాలి. అప్పుడే ఇంకో రీడింగు కోసం నేను బోర్డును అడగగలను. పేరు లేని మాటకు గడువు రాదు.”

“పేరు బయటికొస్తే?”

“ఓటుకు ఏం పంచారన్నది నా శాఖ కాదు. కానీ రిపోర్టు చాలామంది చదువుతారు. రాఘవేంద్రప్రసాద్ గారికి చదువొచ్చా?”

“బాగా వచ్చు. పదవి పోతాది మేడం.”

“ఎవరిది?”

“యెవురిదో... ఇచ్చినోనిది.”

“పాపం. ఆయన ఎవరో గానీ మీరు బాగానే ఆలోచిస్తున్నారు ఆయన గురించి.”

“మామా, ఇప్పుడు పావని చేస్తాంది. రైతులు ఆమె ముందరే నిలబడుండారంట. రేపు గెలలు కోసి బయట అమ్ముకోవాల్నా, లారీలు రమ్మనాల్నా వద్దా అని అడుగుతాండారు. ఇంక నాలుగు దినాలు పోతే చెట్టు మీదే మాగిపోతాయంట. ఏం చెప్పాల?”

“నాయన మీటరు చూస్తాండాడని చెప్పు.”

“చెప్పినా మామా. ముల్లు ఎంత ఎక్కిందని అడుగుతాంది.”



“సర్పంచ్ గారూ, పంపేస్తున్నాను.”

“పంపద్దు మేడం.”

“కారణం దగ్గర ఏం రాయమంటారు? ఊరు చీకట్లో ఉందనా? మీ ఊర్లో వెలుగు నాకు ఇక్కడికే కనిపిస్తోంది.”

“కొబ్బరికాయ కుళ్లిందని రాయండి.”

“ఆ మాట మా బోర్డు ఒప్పుకోదు.”

“మామా, పావని లైన్లోనే ఉంది. ఏందో ఒకటి చెప్పు మామా.”

“రమ్మను. లారీలు రమ్మను, ఈ కాపు బయట అమ్ముకోమను, వచ్చే కాపుకు మిషన్లు తిరుగుతాయి. మేడం, రాసుకోండి. ఊరికి వేరే దొంగ లేడు, నేనే. రాఘవేంద్రప్రసాద్‌కు అంత తెలివి యాడిది? ‘కొత్త సబ్‌స్టేషన్ తెస్తా, నాకు ఓటేయండి’ అని ఇంటింటికీ తిరిగితి. కంపెనోళ్లు కట్టేలోపల మేం సస్తాంలే పోప్పా అనిరి, ఒక్కడంటే ఒక్కడు నమ్మలే. అందుకే, సబ్‌స్టేషన్ వచ్చేదాకా ఇది బయానా అని చెప్పి, గోడగోడకూ బ్యాటరీ నేనే తగిలిచ్చినా.”