స్టోర్‌రూమ్ గోడ మీది పండుగ

జనవరి ఏడో తారీఖు. మధ్యాహ్నపు నమాజుకు ఇంకా గంట ఉంది. దోహాలోని ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలో, ఇంటివాళ్ళు ఎడారి గుడారాలకు వెళ్ళగా నిశ్శబ్దమైన ఒక విల్లా వంటింట్లో, కామారెడ్డి నుంచి వచ్చిన వంటమనిషి ఆబిదా ఫోనును చెవికీ భుజానికీ నడుమ ఇరికించుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. అవతల ఉన్నది ఆ ఇంటి డ్రైవరు, జగిత్యాల రాజనర్సు. యజమానురాలి తల్లి ఇంటి ముందు, అల్ ఖోర్‌లో, బండి ఆపుకొని ఉన్నాడు. మాట నడుస్తున్నది ఆబిదాతో పాటు విల్లాలోనే పనిచేసే ఇథియోపియా అమ్మాయి తిరునేష్ గురించి.

“మళ్ళ అడిగిందన్నా. ఇది నాలుగోసారి. ‘రాజ్ ఎప్పుడొస్తడు, రాజ్ ఎప్పుడొస్తడు’ అని. క్యా జీ నర్సన్నా, నీతోని ఆ పిల్లకు ఏం పని?”

“నాతోని పనేముంటది? ఊకె అడుగుతుండొచ్చు.”

“ఊకెనా? పొద్దుగాల్నే తానం చేసి తెల్లబట్టలు కట్టింది. అంచుకు రంగుల పట్టీ ఉన్న తెల్ల శాలువ. మూడేండ్ల సంది మూటల దాచుకున్నదంట. చూస్తే పెండ్లిపిల్ల లెక్క ఉన్నది.”

“తెల్లబట్టలా? ఎందుకు?”

“ముందుగాల నువ్వు చెప్పు. ఎప్పుడొస్తవ్?”

“పొద్దు వాలే అసర్ నమాజ్ దాటినంకనే రమ్మన్నది మేడం. ముసలమ్మను తోల్కరావాలె. ఆబిదా, పెరటి తలుపు తాళంచెవి నీ దగ్గర్నే ఉన్నది గదా?”

“ఆ... ఉంటది. నా దగ్గర గాకపోతే యాడ ఉంటది? ఆ ముచ్చట నీకెందుకు?”

“ఊకె అడిగిన.”

“నువ్వు గూడ ఊకెనే. ఇయ్యాల అందరికి అన్ని ఊకెనే.”

“ఏం చేస్తున్నది ఇప్పుడు?”

“కాఫీ గింజలు వేంపుతున్నది. పచ్చి గింజలు, పెనం మీద. ఇల్లంత పొగ. పెరట్లకెల్లి గడ్డి తెంపుకొచ్చి నేలంత పరిచింది. నేను పొద్దుగాల కడిగిన నేల మీద! తిడ్దామని నోరు తెరిచిన. పండుగ అన్నది, మూసుకున్న.”

“పండుగా? ఏం పండుగ?”

“వాళ్ళ క్రిస్మస్.”

“క్రిస్మస్ అయిపాయె గదా. పదమూడు దినాలాయె. డిసెంబర్ ఇరవై అయిదు. ఎవ్వలనడిగినా చెప్తరు.”

“వాళ్ళకు ఇయ్యాలనంట. నేను గూడ గట్లనే అన్న. నవ్వింది. చెయ్యి పట్టి స్టోర్‌రూమ్‌లకు గుంజుకపోయింది. బియ్యం బస్తాల ఎనక, గోడ మీద, బొగ్గుతోని గీతలు. ముప్పై గీతలకు ఒక నెల. గట్ల పన్నెండు నెలలు. దానికింద మళ్ళ అయిదే అయిదు గీతలు. అది పదమూడో నెలనంట.”

“పదమూడు నెలలా? పరాష్కమా?”

“ఒట్టు. వాళ్ళ దేశం లెక్కే గంత. సెప్టెంబర్‌ల కొత్త సంవత్సరం. ఆడపిల్లలు పసుపుపచ్చ పూలు తెంపుకొని పాట పాడుకుంట ఇంటింటికి తిరుగుతరంట, మీ బతుకమ్మ యాదికొచ్చింది నాకు. ఆ నెలాఖర్ల మంటల పండుగ. మార్చిల ఇటలీ ఫౌజును ఓడగొట్టిన దినం, దేశమంత సెలవు. మా రెండు ఈద్‌లకు గూడ వాళ్ళ దగ్గర సెలవేనంట! ఆ మాటకు దాన్ని ముద్దు వెట్టుకున్న. ఒక్కో పండుగకు ఒక్కో చుక్క వెట్టింది. ఇయ్యాల్టి చుక్కకైతే చుట్టూత సున్న చుట్టింది.”

“అబద్ధం. నిన్ను ఆడిపిస్తున్నది.”

“ఎట్ల అబద్ధమైతది? మా రంజాన్ ఏటేటా పదిదినాలు ముందుకు జరుగదా? మీ ఉగాది ఎప్పుడో అయ్యగారు పంచాంగం ఇప్పితెనే గదా తెలిసేది? మీ లెక్క మీది, మా లెక్క మాది. దానికి ఒక లెక్క ఉండొద్దా? ఇంకొకటి ఇను. నలభై దినాల సంది అది పాలు ముట్టలే, గుడ్డు ముట్టలే. కోడికూర వెడితే పళ్ళెం పక్కకు నూకింది. పండుగ కోసం ఒక్కపొద్దులున్నది.”

“డిసెంబర్ ఇరవై అయిదు నాడు గూడనా?”

“ఆ దినం మేడం దోస్త్ ఇంటికెల్లి కేక్ వచ్చింది. తిరునేష్ తన ముక్క నాకే ఇచ్చింది, నేనే తిన్న. ఎందుకట్ల అడుగుతున్నవ్?”

“ఏం లేదు.”

“అన్నా.”

“ఏం లేదంటి గదా!”

“ఏం లేకుంటె ఎందుకు ఒర్రుతున్నవ్? నీళ్ళు తాగు. తాగి చెప్పు.”

“క్రిస్మస్ నాడు చర్చి కాడ దించుమన్నది నన్ను.”

“తిరునేషా? నిన్నా?”

“దసరా నాడు. నేను ఎవ్వలు చూడకుండ బండికి బొట్టు వెడుతుంటె వచ్చి అడిగింది, వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్ల. కాంట్రాక్ట్ అయిపోయి ఏడాదాయె, ఇంటికి పంపుతలేరు, ఫోన్ గుంజుకున్నరు. నీకు ఎరుకే గదా.”

“ఎరుకే. తాళమేసేది నేనే గదా.”

“పండుగ నాడు చర్చి కాడికి వాళ్ళ దేశపోళ్ళు వేలమంది వస్తరంట, అందరు తెల్లబట్టలే. వాళ్ళల్ల కలిస్తె చాలు, ఎవ్వడు పట్టడు, ఎంబసీ కాడికి వాళ్ళే తోల్కపోతరు. వేరే దినం పోతె ఒక్కతె అయితది. పెరటి గేటు కాడికొచ్చి హారన్ కొట్టు, నేను వస్త అన్నది. మా ఎల్లవ్వ మీద ఒట్టు వెట్టిన.”

“పెండ్లాం మీద ఒట్టు వెట్టి మరి పోలేదా?”

“పోయిన! డిసెంబర్ ఇరవై అయిదు నాడు పోయిన! ప్రపంచకప్పు బంతాట వస్తదని ఊరంత తవ్వి వెట్టిండ్రాయె, యాడికాడ తొవ్వ బంద్. చుట్టు తిరిగి తిరిగి పోయి హారన్ కొట్టిన. కచరా సంచి పట్టుకొని వచ్చింది. పక్కింటి వాచ్‌మన్ ఆడనే ఉండె, మాట్లాడలే. నా మొఖం చూసి తల అడ్డంగ ఊపింది. లోపటికి పోయింది. మనసు మార్చుకొని వస్తదేమో అని రెండు గంటలు నిలవడ్డ చెల్లె.”

“దానికి ఆ దినం పండుగ గాదు గదన్నా. చర్చి కాడ వాళ్ళోళ్ళు ఒక్కరు గూడ ఉండరు. ఏం జెయ్యనీకె వస్తది?”

“నాకేమెరుక? నన్ను ఎడ్డోణ్ణి చేసిందనుకున్న.”

“సరె, అనుకున్నవ్. ఇప్పుడు ఎరుకైంది గదా. ముప్పావు గంట తొవ్వ. ముసలమ్మకు టైర్ పంచర్ అయిందని చెప్పు. యల్లా, బయలెల్లు.”

“బండికి ట్రాకర్ ఉన్నది, ఆబిదా.”

“ఉంటె?”

“ఆ దినం పొద్దుమీకి మేడం అడిగింది. బండి రెండు గంటలు పెరటి గేటు కాడ ఎందుకున్నదని. చెప్పకుంటె వీసా క్యాన్సిల్, రేపే విమానమెక్కిస్త అన్నది. నాకు... దాని మీద కోపం గూడ ఉండె.”

“ఏం చెప్పినవ్?”

“ఉన్నదున్నట్టు చెప్పిన. చర్చి, పెరటి గేటు, హారన్, అన్ని.”

“యా అల్లా.”

“మేడం ఒక్క మాట అనలే. తల ఊపింది, గంతే. మొన్న గుడారాలకు పోతున్నప్పుడు పిలిచింది. ఏడో తారీఖు నువ్వు అల్ ఖోర్ పో, అసర్ దాక రాకు, ఆఫీసోళ్ళ బండి వస్తది అన్నది. ఏడో తారీఖే ఎందుకో ఇప్పుడు సమజైతున్నది.”

“ఏ ఆఫీసు?”

“దాన్ని ఈ దేశం తెచ్చిన ఏజెంటు ఆఫీసు. తీస్కపోయి ఇంకో ఇంట్ల వెడతరు. యాడనో, మనకు తెల్వని కాడ. మళ్ళ మొదటికెల్లి.”

“మొన్నటి సంది ఎరుకుండి నాకు చెప్పలే నువ్వు.”

“మోసం చేసింది గదా అనుకున్న! నాకెందుకు లొల్లి అనుకున్న! తిట్టు ఆబిదా, ఎంతన్న తిట్టు. కని ముందుగాల—”

“ఆగు. ఆగన్నా. పెరట్ల ఏదో చప్పుడు.”

“హారనా?”

“హారనే. కిటికీలకెల్లి కనబడుతున్నది. తెల్ల బండి. అచ్చం నీ బండి లెక్కనే...”

“నేను గాదు! దోహాల సగం బండ్లు తెల్లయే! దాన్ని బయటికి పోనియ్యకు. పెరటి తలుపుకు తాళమెయ్యి చెల్లె! మూడేండ్లు రోజు వేసినవ్ గదా, ఈ ఒక్కసారి—”

“తాళంచెవి నా దగ్గర లేదన్నా. పండుగ పూట దానికి ఇయ్యనీకె నా దగ్గర ఇంకేమున్నది? పొద్దుగాల దాని చేతులనే వెట్టిన.”

“పిలువు! గట్టిగ పిలువు!”

“తిరూ! తిరునేష్! వాపస్ రా! తిరూ!... ఇంటలేదన్నా. చెప్పులు గూడ ఏసుకోలే. నీ పేరు వెట్టి పిలుచుకుంట ఉరుకుతున్నది.”