కిటికీ పక్క సీటు

ఇరవై ఏళ్లుగా ఘాట్ రోడ్డు మీద టూరిస్టు బస్సు నడుపుతున్న భర్త ముందు ఆమె మ్యాపు పరిచింది.

"మూడు రోజులు. పొద్దున కొండెక్కుదాం, సాయంత్రం సముద్రపు ఒడ్డున నడుద్దాం."

"సెలవులో కూడా ఆ మలుపులేనా? నాకవి కంఠతా వచ్చు."

"మరి అక్కణ్ణుంచి సముద్రం ఎలా కనిపిస్తుందో చెప్పండి చూద్దాం."

"రోడ్డు మీంచి చూపు తిప్పితే వెనకున్న నలభైమంది గతేం కాను?"

"అందుకే ఈసారి మీరు కిటికీ పక్కన కూర్చోండి."

"మరి మన కారెవరు నడుపుతారు?"

ఆమె కొత్త లైసెన్సు తీసి మ్యాపు మీద పెట్టింది.

"మూడుసార్లు తప్పాను. నాలుగోసారి నెగ్గాను."

"నాతో ఒక్క ముక్కైనా చెప్పలేదే!"

"చెబితే పక్కన కూర్చుని బ్రేకు, బ్రేకు అని అరిచేవారు."

ఆయన పగలబడి నవ్వి, తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

"పొద్దున ఎన్నింటికి సిద్ధంగా ఉండమంటారు, డ్రైవరుగారూ?"